నాలుగు స్వరాలు, ఒక ఖాళీ

మార్చి 3

మావయ్యా,

అలిగావని తెలుసు. కొత్త ఉద్యోగంలో చేరి ఇన్నాళ్ళయినా ఒక్క ఉత్తరం ముక్క రాయలేదని అత్తయ్య దగ్గర రోజూ నా మీద చాడీలు చెబుతూ ఉంటావు. ఫోన్ చెయ్యొచ్చు కదా అంటుంది అమ్మ. ఫోన్లో బేసు గిటారు లోతు స్వరం వినపడదు, బేసు వినపడని యంత్రంతో నాకు పని లేదు అని తన తమ్ముడు తీర్మానం చేసి కూర్చున్న సంగతి అమ్మ ఎప్పుడూ మర్చిపోతుంది.

ముందు నా రాజ్యం ఎలా ఉందో చెబుతాను. ఆసుపత్రి పై అంతస్తులో పొడవాటి గది. నేలంతా నీలం రబ్బరు. మధ్యలో పట్టుకుని నడవడానికి రెండు ఇనుప కమ్మీలు, ఆ చివర నిలువుటద్దం. అందరూ దీన్ని నడక గది అంటారు. పక్షవాతం వచ్చి తగ్గినవాళ్ళకీ, తుంటి ఆపరేషన్ అయినవాళ్ళకీ మళ్ళీ నడక నేర్పడం నా పని. పసిపిల్లలకి నడక నేర్పడం తేలిక మావయ్యా, పడితే ఏమవుతుందో వాళ్ళకి తెలీదు. వీళ్ళకి బాగా తెలుసు.

వీళ్ళలో ఒక టైలరు పెద్దమ్మ ఉంది. జన్మంతా కుట్టుమిషను తొక్కిన కాలు ఇప్పుడు మొరాయిస్తోంది. బలం తిరిగి వచ్చింది కానీ నమ్మకం రాలేదు. కమ్మీలు పట్టుకుని నిలబడుతుంది, అద్దంలో తనని తానే నాలుగు తిట్టుకుంటుంది, "రేపు చూద్దాంలే పిల్లా" అని కూర్చుండిపోతుంది.

మొన్న గది మరీ మూగగా ఉందని నా సంచిలో ఉన్న మీ బ్యాండు కేసెట్టు పెట్టాను. పాత టౌన్‌హాలు ప్రోగ్రాంది. అందులో పాటగాడు చరణం మర్చిపోతే మీరంతా ఒకటే ముక్కని తిప్పి తిప్పి వాయిస్తూ పోయిన పాట ఉంది చూడు, అది. దాని అడుగున నీ గ్రూవ్, ఆ తిరిగి తిరిగి వచ్చే వరస: డూం, డుడు, డూం. నాలుగు స్వరాలు, తర్వాత కాస్త ఖాళీ. మళ్ళీ అవే.

కాసేపటికి చూస్తే పెద్దమ్మ మడమ ఆనించి వేళ్ళతో నేలని తొక్కుతోంది, అచ్చం మిషను తొక్కినట్టు. నేను చూడనట్టే ఉన్నాను. తనే లేచి కమ్మీలు పట్టుకుంది. నీ స్వరాలకి పాదం ఆనించడం, నీ ఖాళీలో ఎత్తడం. అలా అద్దం దాకా వెళ్ళి, ఎదురుగా తనని చూసుకుని జడుసుకుని, "నేనెలా వచ్చానే ఇక్కడికి" అంది.

ఇప్పుడు గది గదంతా నీ మీదే నడుస్తోంది. ఇందులో ఏ వాద్యం వినిపిస్తోందని అందర్నీ అడిగాను. ఒకాయన డ్రమ్ములన్నాడు. రిటైరైన హెడ్మాస్టరు గారు శాక్సఫోన్ అమోఘం అన్నారు. పెద్దమ్మ మాత్రం కాసేపు ఆలోచించి, "ఆ కింద నడిచేది" అంది. భలే నవ్వొచ్చింది. నిన్నెవరూ వినడం లేదు మావయ్యా, ఊరికే నడిచేస్తున్నారు. ఆ మాటకొస్తే నీ వాయింపులో ఏముందని, ఏమీ లేదు. నాలుగు స్వరాలే కదా, నేర్చుకుంటే నేనూ వాయించెయ్యగలను. అందుకే ఇంత బాగా పనిచేస్తోంది.

ఇలాంటివి ఇంకా ఉంటే పంపించు. ఉన్న ఒక్క కేసెట్టూ అరిగిపోయేలా ఉంది.

నీ తూనీగ


మార్చి 11

నడక గది మహారాణి గారికి,

ఏమీ లేని వాయింపు వాయించే తమ మావయ్య రాస్తున్నాడు. మీ అత్తయ్య నీ ఉత్తరం రెండుసార్లు చదివింది, రెండుసార్లూ ఒకే చోట నవ్వింది. ఏ చోటో నేను చెప్పను.

మా బ్యాండు సంగతి నీకు తెలిసిందే. శాక్సఫోన్ పళ్ళ డాక్టరు, డ్రమ్ములు బేకరీ ఆయన, గిటారు కళ్ళజోళ్ళ షాపు ఆయన, పాట పోస్టాఫీసు గుమస్తా. బేస్ గిటారు లిఫ్టు మెకానిక్కు, అంటే నేను. క్లబ్బుల్లోనూ పెళ్ళిళ్ళలోనూ జనాన్ని లేపి ఆడించే ఫంక్ సంగీతం వాయిస్తూ అందరం కలిసే జుట్టు తెల్లబరుచుకున్నాం. ఇప్పుడు డాక్టరుకి కొత్తల్లుడు వచ్చాడు. కీబోర్డు వాయిస్తాడు. కుర్రాడు మంచివాడే, కాకపోతే వాడికి రెండు చేతులున్నాయి. కుడిచేత్తో పాట వాయిస్తూ ఎడమచేత్తో బేసు కూడా లాగించేస్తాడు. మొన్న రిహార్సల్లో నేను ప్లగ్గు పెట్టుకునేలోపే నా వరస వాడి ఎడమచేతిలోంచి వినిపించింది. ఎవరూ నా వైపు చూడలేదు. స్టేజి మీద చోటు చాలడం లేదని డాక్టరు అన్నాడు. ఎవరికి చాలడం లేదో మాత్రం అనలేదు.

వచ్చే నెల బ్యాండుకి పాతికేళ్ళు నిండుతున్నాయని పెద్ద ప్రోగ్రాం పెట్టారు. ఆ రోజు ప్రతివాళ్ళూ సోలో వాయించాలట. అంటే మిగతావాళ్ళు చేతులు కట్టుకుని చూస్తుంటే ఒక్కడే నిలబడి తన సత్తా చూపించడం. బేకరీ ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, "నువ్వేంటో ఆ రోజు చూపించెయ్యి. లేకపోతే తర్వాత్నుంచి ముందు వరస కుర్చీలో కూర్చుని మమ్మల్ని వినాల్సిందే" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నాకు నవ్వు రాలేదు. బేసు తీసేస్తే నా దగ్గర ఏం మిగులుతుందే? పగలంతా లిఫ్టులు ఎక్కి దిగి, ఇంటికొచ్చి టీ తాగి, గోడ వైపు చూస్తాను.

అందుకని సాధన మొదలుపెట్టాను. ఇంట్లో మీ అత్తయ్య పడనివ్వదు కనుక బ్యాంకు భవనం పైన లిఫ్టు మోటారు గదిలో, మధ్యాహ్నం భోజనం వేళ. స్వరం మీద స్వరం. వేళ్ళు బొబ్బలెక్కాయి. లిఫ్టు ఏదో మూలుగుతోందని బ్యాంకు వాళ్ళు నాకే కంప్లెయింటు ఇచ్చారు. సంగతేంటో చూస్తానని చెప్పాను.

నాలుగు స్వరాలా? నీకు కొత్త కేసెట్టు వస్తోంది. కాచుకో.

మావయ్య


మార్చి 19

తూనీగా,

ఇదిగో కేసెట్టు. అదే పాట. కళ్ళజోళ్ళ ఆయన్నీ బేకరీ ఆయన్నీ బతిమాలి షాపులు కట్టేశాక పట్టుకొచ్చి వాయించాను. ఈసారి అందులో ఏముందో నీకు వినిపిస్తుంది. ఖాళీ అన్నది లేకుండా మొత్తం నింపేశాను. "ఇన్ని స్వరాలు ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావయ్యా" అన్నాడు కళ్ళజోళ్ళ ఆయన. మీ అత్తయ్య విని, "ఎవరో తరుముతుంటే పరిగెడుతున్నట్టుంది" అంది. మీ అత్తయ్యకి సంగీతం తెలీదు.

మీ పెద్దమ్మకి నా నమస్కారాలు చెప్పు. కింద నడిచేది ఇప్పుడు పైకొచ్చిందని చెప్పు.

మావయ్య


మార్చి 20

మావయ్యా,

లిఫ్టు మూలుగు సంగతి చదివి కడుపు చెక్కలయ్యేలా నవ్వాను. గదిలో అందరికీ చదివి వినిపించాను కూడా. అల్లుడి ఎడమచెయ్యి గురించి నువ్వు మరీ గోరంతని కొండంత చేస్తున్నావు. నిన్ను తీసేస్తారా? బేకరీ ఆయన ఏదో సరదాకి అని ఉంటాడు.

ఒకటే మనవి. కొత్త కేసెట్టులో ఏమీ మార్చకు. ముఖ్యంగా ఆ ఖాళీ జోలికి వెళ్ళకు. వీళ్ళు కాలెత్తేది అక్కడే. హెడ్మాస్టరు గారు నిన్న కర్ర లేకుండా తిరిగారు, తిరిగి వచ్చి కూర్చున్నాక కర్ర ఏదని వెతుక్కున్నారు.

నీ తూనీగ


మార్చి 27

మావయ్యా,

మన ఉత్తరాలు దారిలో ఒకదాన్నొకటి దాటుకుని పోయినట్టున్నాయి. ముందు చెప్పాల్సింది ముందు చెబుతున్నాను. ఎవరూ పడలేదు.

కేసెట్టు రాగానే "మా మావయ్య కొత్తది పంపాడు" అని అందరికీ చూపించి, ఏనుగెక్కినంత సంబరంగా పెట్టాను. ముందు నడుస్తున్న హెడ్మాస్టరు గారు ఎడమకాలు ఎప్పుడు వెయ్యాలో కుడికాలు ఎప్పుడు వెయ్యాలో తెలియక రెండూ ఒకచోటే ఉంచి ఆగిపోయారు. వెనకాయన ఈయన్ని పట్టుకున్నాడు. ఆ వెనకావిడ ఆయన్ని పట్టుకుంది. ఆవిడ్ని పట్టుకోవడానికి నేను పరిగెత్తాను. గదంతా పిల్లలు రైలాట ఆడుతున్నట్టు ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని నిలబడిపోయింది. పెద్దమ్మ కమ్మీకి ఆనుకుని తాపీగా, "ఎవరే ఈ మనిషి? ఏ బస్సు తప్పిపోతోందట?" అంది. అందరం పగలబడి నవ్వాం.

తర్వాతే వచ్చింది చిక్కు. తొందరలో నేను పాత కేసెట్టు పెట్టబోతే ఆ మాయదారి టేప్‌రికార్డరు దాన్ని నమిలేసింది. పెన్సిలుతో చుట్టాను కానీ చాలా భాగం నలిగిపోయింది. పాతది ఇంకోటి ఉంటే వెంటనే పంపు. కొత్తలాంటిది మాత్రం వద్దు.

నీ తూనీగ


ఏప్రిల్ 2

అమ్మాయికి,

నీ ఉత్తరం అందింది. రోగులకు కలిగిన అసౌకర్యానికి విచారిస్తున్నాను. పాత కేసెట్టు మరొకటి లేదు.

తేలిగ్గా వాయిస్తే అందులో ఏమీ లేదు. కష్టపడి వాయిస్తే మనుషులు నడవలేరు. నాకు అర్థమైంది. ఒప్పుకున్నాను కనుక ప్రోగ్రాంలో సోలో వాయిస్తాను. ఆ తర్వాత నా బేస్ గిటారుని కళ్ళజోళ్ళ ఆయనకి ఇచ్చేస్తాను. షోకేసులో పెట్టుకుంటాడట, చూడ్డానికి బాగుంటుందట. స్టేజి మీద చోటు కూడా కలిసొస్తుంది.

ఇట్లు,
మీ అమ్మ తమ్ముడు

(పిల్లా, కింద ఈ రెండు ముక్కలూ నేను రాస్తున్నాను. ఈయన మొన్నటి నుంచి రేడియో కూడా పెట్టడం లేదు. స్నానాల గదిలో కూడా చప్పుడు లేదు. ఇంట్లో ఇంత నిశ్శబ్దం నాకు అలవాటు లేదు. ఏం చేస్తావో చెయ్యి. అత్తయ్య)


ఏప్రిల్ 7

మావయ్యా,

నీకు కోపమొస్తే ఆఫీసు భాష రాస్తావని నాకు తెలుసు. "విచారిస్తున్నాను" అన్న మాట చూడగానే నీకు నేనేం రాశానా అని గుర్తుచేసుకున్నాను. నేను పొగుడుతున్నాననే అనుకున్నాను. నాకు పొగడ్డం రాదని ఇప్పుడే తెలిసింది. మళ్ళీ మొదట్నుంచి ప్రయత్నిస్తాను, కూర్చుని చదువు.

నలిగిన కేసెట్టులో ఒక చిన్న ముక్క మాత్రం బాగానే ఉంది, నడకకి చాలదు. పాటగాడు చరణం మర్చిపోయిన ముక్క. చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, మిగతావాళ్ళందర్నీ వదిలేసి నీ ఒక్కడినే పట్టుకుని విన్నాను. పాటగాడు ఆగిపోతాడు. డాక్టరు కంగారుపడి గట్టిగా ఊదేస్తాడు. కళ్ళజోళ్ళ ఆయన చేతులు ఆపేస్తాడు. బేకరీ ఆయన తాళం పరుగందుకుంటుంది. పాట ఇక పడిపోతుందనిపిస్తుంది. నువ్వు మాత్రం మారలేదు. డూం, డుడు, డూం. ఖాళీ. ఎంత గందరగోళంలోనూ ఆ ఖాళీని వదల్లేదు మావయ్యా. భయపడితే ఎవరైనా చేతికందింది వేసి ఖాళీని నింపేస్తారు. నువ్వు దాన్ని అలాగే ఉంచావు. రెండు చుట్లు తిరిగేసరికి బేకరీ ఆయన ఆ ఖాళీలోనే మళ్ళీ దారికొచ్చాడు. డాక్టరు ఊపిరి పీల్చుకున్నాడు. పాటగాడికి చరణం గుర్తొచ్చింది. జనం పాటగాడికి చప్పట్లు కొట్టారు. ఆ పాటని పడకుండా పట్టుకున్నది నువ్వు.

అల్లుడి ఎడమచెయ్యి నీ స్వరాలు వాయించగలదేమో, కాదనను. ఆ ఖాళీని వాయించడం మాత్రం దాని వల్ల కాదు. పక్కనే ఉన్న కుడిచెయ్యి ఊరుకోదు.

చిన్నప్పుడు మీ రిహార్సళ్ళకి వచ్చి నీ స్పీకరు పెట్టెకి వీపు ఆనించి నిద్రపోయేదాన్ని. ఆ హోరులో పిల్ల ఎలా నిద్రపోతోందని అందరూ ఆశ్చర్యపోయేవారు. అమ్మ ఎత్తుకుని ఇంటికి తీసుకెళ్తే దారిలో మెలకువ వచ్చి ఏడ్చేదాన్ని. నువ్వంటే నాకెంత ఇష్టమో ఇన్నేళ్ళలో ఒక్కసారీ నోరు తెరిచి చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను. గిటారు షోకేసులో పెట్టావంటే వచ్చి ఆ అద్దం నేనే పగలగొడతాను, కళ్ళజోళ్ళ ఆయనతో నువ్వే మాట్లాడుకో.

ఇక్కడ నేను చేతులు తట్టి తాళం వేస్తుంటే నడుస్తున్నారు. అంత కుదరడం లేదు. నా చప్పట్లు వినగానే పెద్దమ్మ మొహం చిట్లిస్తోంది. ప్రోగ్రాం అయ్యాక ఒక సోమవారం చూసుకుని గిటారుతో సహా వచ్చెయ్యి. నువ్వే వాయిద్దువుగాని.

నీ తూనీగ


ఏప్రిల్ 15

తూనీగా,

నీ ఉత్తరం చొక్కా జేబులో పెట్టుకుని స్టేజి ఎక్కాను.

అందరి సోలోలూ అయ్యాయి. బేకరీ ఆయన వాయిస్తుంటే వంటసామాను అటక మీంచి జారినట్టుంది, జనం ఈలలు వేశారు. అల్లుడు రెండు చేతులూ కలిపి ఒక తుపానే లేపాడు, ఇంకా ఈలలు. తర్వాత నేను. మోటారు గదిలో నేర్చినవన్నీ వేళ్ళ కొసల్లో సిద్ధంగా ఉన్నాయి. నిజం చెబుతున్నాను, అవి వాయిద్దామనే లేచాను. మొదట డూం అన్నాను, డుడు, డూం. తర్వాత ఆ ఖాళీ వచ్చింది. దాన్ని నింపబుద్ధి కాలేదు.

అంతే. మళ్ళీ అవే నాలుగు. మళ్ళీ ఖాళీ. డాక్టరు "ఊ, మొదలుపెట్టు" అని సైగ చేశాడు. అసలుది ఎప్పుడొస్తుందా అని జనం కాచుకుని చూస్తున్నారు. ఎవరో దగ్గారు. ఇక కుర్చీలో కూర్చుని వినడమే నా గతి అనుకున్నాను. అప్పుడు కింద ఒక కుర్చీ కిర్రుమంది. కాసేపాగి మళ్ళీ కిర్రుమంది, సరిగ్గా తాళంలో. చూస్తే మీ అత్తయ్య. మా సంగీతమంటే తలనొప్పి మాత్ర వెతుక్కునే మనిషి, భుజాలు ఊపుతోంది. పక్కావిడ అందుకుంది. తర్వాత ఆ వరస వరసంతా లేచింది. కాసేపటికి హాల్లో కూర్చున్నవాళ్ళు లేరు.

బేకరీ ఆయన ఉండబట్టలేక వచ్చి చేరాడు. సోలోలో ఇంకొకరు చేరకూడదని రూలు పెట్టింది ఆయనే. డాక్టరు ఊదాడు. అల్లుడు కుడిచేత్తో అందుకున్నాడు. వాడి ఎడమచెయ్యి కూడా మీటల మీదకి వచ్చింది. నేను చూస్తూనే ఉన్నాను. అక్కడే కాస్త తటపటాయించింది. తర్వాత వాడు దాన్ని తీసి ప్యాంటు జేబులో పెట్టుకున్నాడు.

అంతా అయ్యాక వచ్చి, "ఆ మధ్యలో మీరు ఏం చేస్తారండీ?" అని అడిగాడు. ఏమీ చెయ్యనన్నాను. నమ్మలేదు. శనివారం ఇంటికొచ్చి నేర్చుకుంటాడట. స్టేజి మీద చోటు గురించి డాక్టరు ఇప్పటిదాకా మళ్ళీ ఎత్తలేదు.

గిటారు ఎక్కడికీ వెళ్ళడం లేదు. సోమవారం మీ దగ్గరికి వస్తున్నాను.

మావయ్య


ఏప్రిల్ 19

నా బంగారు మావయ్యా,

నీ ఉత్తరం చదువుతూ నడక గదిలో గెంతాను. పెద్దమ్మ "నీకేం వచ్చిందే, నీ కాళ్ళు బాగానే ఉన్నాయిగా" అంది. అత్తయ్య భుజాలు ఊపిన సంగతి మాత్రం నేను కళ్ళారా చూస్తే కానీ నమ్మను.

కానీ ఏ సోమవారం వస్తున్నావో రాయలేదేం? ఇరవై ఒకటో తారీకున నేను ఇక్కడ ఉండను, ట్రైనింగుకి వేరే ఊరు పంపిస్తున్నారు. ఇరవై ఎనిమిదిన రా. నువ్వు ఎవరో ఇంకా ఎవరికీ చెప్పలేదు. నేనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి పరిచయం చేస్తాను.

నీ తూనీగ


ఏప్రిల్ 23

తూనీగా,

నీ ఉత్తరం నేను మీ ఊరు వెళ్ళి తిరిగొచ్చాక చేతికొచ్చింది. బేసు పట్టుకున్న ఇన్నేళ్ళలో మొదటిసారి తాళం కంటే ముందు పడ్డాను, అదీ వారం ముందు.

నువ్వు లేవని గేటు దగ్గరే చెప్పారు. ఇంత బరువు మోసుకొచ్చాం కదా, ఆ గదైనా చూసి పోదామని పైకెళ్ళాను. మీ లిఫ్టు తలుపు కాస్త ఆలస్యంగా మూసుకుంటోంది, వాళ్ళకి చెప్పు.

నడక గది తలుపు బయటే ఆగిపోయాను. లోపల కేసెట్టు లేదు. నీ చప్పట్లూ లేవు. మనుషులు నోటితో అంటున్నారు. డూం, డుడు, డూం. తర్వాత ఎవరూ ఏమీ అనరు, చెప్పులు నేల మీంచి లేచే చప్పుడు మాత్రం వినపడుతుంది. మళ్ళీ డూం. ఒకాయనకి శ్రుతి లేదు. ఒకావిడ దగ్గుతూనే లాగిస్తోంది. ఆ ఖాళీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరూ కలిసి ఒక్కటిగా ఊరుకుంటున్నారు. ఇన్నేళ్ళూ నేను దాన్ని వాయించాను కానీ, బయట నిలబడి ఎప్పుడూ వినలేదు. గిటారు పెట్టె కింద పెట్టి, నీ చిన్నప్పటిలాగే గోడకి వీపు ఆనించాను. కళ్ళు తుడుచుకున్నానని మీ అత్తయ్యకి చెప్పకు.

ఇంతలో తలుపు తీసుకుని ఒకావిడ బయటికొచ్చింది. కమ్మీ లేదు, కర్ర లేదు. నువ్వు చెప్పకపోయినా ఎవరో తెలిసింది.

"ఎవరయ్యా నువ్వు?" అంది.

"లిఫ్టు మెకానిక్కునండి."

"లిఫ్టు బాగానే ఉందిగా. ఆ పెట్టెలో ఏంటి, పనిముట్లా?"

"అవునండి" అన్నాను. అబద్ధమేమీ కాదు కదా. ఆగలేక అడిగాను, "మీరందరూ పాడుతున్న ఆ పాట ఎవరిదండీ?"

నా వైపు అదోలా చూసింది. "ఎవరిదేంటయ్యా, మాది" అంది. "కాస్త పక్కకి జరుగు, నేను ఆ కిటికీ దాకా వెళ్ళాలి."

జరిగాను. నోట్లో డూం అనుకుంటూ నా ముందు నుంచే నడుచుకుంటూ వెళ్ళింది. కిటికీ దగ్గర ఆగి, బయటికి చూసి, మళ్ళీ అలాగే వెనక్కి వచ్చింది.

పాతికేళ్ళలో నా వాయింపు గురించి ఇంత పెద్ద మాట ఎవరూ అనలేదే. ఇంటికొచ్చి మీ అత్తయ్యకి చెబితే, ఈసారి నవ్వలేదు.

ఇరవై ఎనిమిదిన వస్తాను, సరిగ్గా తాళం మీద. నన్ను ఎవరికీ పరిచయం చెయ్యకు. ఒక మూల స్టూలు వేసి పెట్టు చాలు. వాళ్ళ పాట వాళ్ళు పాడుకుంటుంటే, కింద నేను కాస్త తోడు వాయిస్తాను.

నీ మావయ్య